పదునుపట్టీకి ఏ గుడ్డ మేలు?

మంగలికత్తికి సానరాయి అప్పుడప్పుడూ చాలు. గడ్డం గీసుకునే ప్రతిసారీ కావలసింది పదునుపట్టీ. కత్తి వీపు ముందుండేలా మొదట గుడ్డ మీద, తర్వాత తోలు మీద లాగుతారు. అంచుకు అంటిన తడిని, మురికిని గుడ్డ తుడుస్తుంది. తోలు అంచును నునుపు చేస్తుంది.

ఆ గుడ్డ ఏదై ఉండాలి? అవిసెనారతో నేసిన లినెన్‌కు ఎప్పటినుంచో పేరుంది. కానీ చూడవలసింది పేరు కాదు, నేత. వదులు నేత కత్తి ఒత్తిడికి కుంగి, అంచు దగ్గర పైకి లేస్తుంది; పదును మొద్దుబారుతుంది. ముడుల్లేకుండా బిగువుగా నేసినదైతే మందపాటి నూలు కాన్వాస్ కూడా సరిపోతుంది. కొత్త గుడ్డను గంజి పోయేదాకా ఉతకాలి.

నేత తర్వాత చూడవలసింది శుభ్రత. ఇసుకలోని క్వార్ట్జ్ కత్తి ఉక్కుకంటే గట్టిది. గుడ్డలో చిక్కిన ఒక్క రేణువు చాలు, అంచు గీరుకుపోతుంది. మరో ప్రమాదం రక్తం. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. తోలును ఉడకబెట్టలేం, నూలును, లినెన్‌ను ఉడకబెట్టి ఉతకవచ్చు. అందుకే ఖరీదైన పట్టీకంటే తరచూ ఉతకగలిగే గుడ్డే మేలు. అయినా సరే, ఒక పట్టీని ఒకరే వాడాలి.