కంటికి కనిపించని ఓజోన్

ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఝపటాపూర్‌లోనైనా, మరెక్కడైనా, కాలుష్యమంటే పొగ, దుమ్ము అనే అభిప్రాయమే బలంగా ఉంది. వాహనాలు, ఫ్యాక్టరీలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధన ఆవిర్లు మండుటెండలో కలిసి పుట్టించే ఓజోన్ కంటికి కనిపించదు. ఆకాశంలో ఎంతో ఎత్తున రక్షణ కవచమైన ఈ వాయువే నేలమీద శ్వాసనాళాలకు వాపు తెస్తుంది, ఆస్తమాను రేపుతుంది. ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని 2009లోనే కేంద్రం నిర్దేశించింది. అయినా 2019లో ఆరంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ధూళికణాలనే లక్ష్యంగా పెట్టుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో గాని, ఓజోన్ ఆగదు. ఇది హెచ్చేది మధ్యాహ్నమే గనుక, పట్టాలపై శ్రమించే కార్మికుల వేసవి పనిని ఎండ ముదరకముందే ముగించడం అవసరం. ఇందుకు ఢిల్లీ నుంచి కొత్త పథకమేదీ రానక్కరలేదు.