ఈ వయస్సున నీకేల?

ఈ శీర్షిక క్రింద మేము సాధారణముగా ఇల్లు, పిల్లలు, పండుగలు అను విషయములనే వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసము మా ఉద్యోగమును గూర్చి వ్రాయుచున్నాము. ఇంటిపట్టున భారత భాగవతములు చదువుకొన్న బడిపంతులుగారి భార్యకు ఉద్యోగమేమని నవ్వవలదు. వృద్ధుల మేలు కోరి పనిచేయు ఒక సంస్థవారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో సదస్సులు జరుపుటకు మమ్ము ప్రాజెక్టు ఆఫీసరుగా నియమించిరి. పేరు మాత్రము పెద్దది. పని యేమనగా, సంచిలో కాగితములు పెట్టుకొని బస్సెక్కుట, నలుగురిని కూర్చుండబెట్టుట, వయోవివక్ష యనగానేమో తెలియజెప్పుట.

ఈ మాట మనకు క్రొత్త. 1969లో రాబర్టు బట్లరు అను అమెరికా వైద్యుడు దీనికి ఆంగ్లమున పేరు పెట్టెను. వాషింగ్టను ప్రాంతమున ఒక భవనమును పేద వృద్ధులకు నివాసముగా నీయబోగా ఇరుగుపొరుగువారు వలదని అడ్డుపడిరి. రంగును బట్టి మనుష్యుని తక్కువగా చూచుట యెట్టిదో, వయస్సును బట్టి చూచుటయు నట్టిదే యని ఆయన చెప్పెను. ప్రపంచమున ఇద్దరిలో నొకరికి వృద్ధుల యెడ ఇట్టి దురభిప్రాయము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో ఒక నివేదిక వెలువరించిరి.

పేరు క్రొత్తదే కాని వస్తువు పాతది. తిక్కన సోమయాజిగారి ఆశ్రమవాస పర్వము చదివినవారికి ఇది తెలియును. యుద్ధము ముగిసిన పిదప ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నగరున నుండెను. అన్నమునకు లోటు లేదు, వస్త్రమునకు లోటు లేదు, పరిచారకులకు లోటు లేదు. అయినను ఆయన చెవిని బడునట్లుగా భీముడు పలికిన మాటలే ఆ వృద్ధుని అడవికి సాగనంపినవి. ధృతరాష్ట్రుడు చేసిన పాపమును మేము సమర్థింపము. అది వేరు సంగతి. పళ్ళెములో అన్నమున్నంత మాత్రమున మనస్సు నిండదని మాత్రమే మేము చెప్పదలచితిమి.

సూర్యాపేటలో మా మొదటి సదస్సునకు ముప్పదిమంది వచ్చిరి. అందరును కోడండ్రు, కూతుండ్రు. తలకొక కాగితమిచ్చి, “ఈ వారమున మీ యింటి పెద్దవారితో ‘ఈ వయసుల’ అని మొదలుపెట్టి మీరన్న మాటలు వ్రాయుడు, పేరు వ్రాయవలదు” అంటిమి. తిట్లు వచ్చునని మేము తలచితిమి. ఒక్కటియు రాలేదు. అన్నియు ప్రేమవాక్యములే! “ఈ వయసుల రంగు చీరెందుకు అత్తమ్మా?” “ఈ వయసుల పొయ్యికాడికి రాకు.” “ఈ వయసుల ఫోను నేర్చుకొని ఏం జేస్తవు?” “ఈ వయసుల మీటింగులు నీకెందుకమ్మా?” ఒకటొకటిగా చదివి వినిపించుచుండగా సభలో నవ్వులు లేచినవి. పిమ్మట నొక కాగితము వచ్చినది: “ఈ వయసుల కండ్ల ఆపరేషనెందుకు, కొత్తగ చూసేదేమున్నది?”

ఎవరును నవ్వలేదు. వ్రాసినామె తానే లేచి, “మా మామ అడిగి ఏడాది అయింది” అని కూర్చుండెను.

కంటి శుక్లమును గూర్చి ఆనాడు చెప్పినదే యిచ్చట మరల వ్రాయుచున్నాము. ఎనుబది యేండ్లు దాటెనని శుక్లము తీయకుండుట తగదు. వయస్సొక్కటే దానికి అడ్డు కాదు. మసకబారిన కటకమును తీసి క్రొత్త కటకమును అమర్చుదురు. పెక్కుమంది అదే దినమున ఇల్లు చేరుదురు. ఆలస్యమైనకొలది శుక్లము ముదిరి వైద్యునికి పని కష్టమగును. చూపు మందగించినవారు గడప తట్టుకొని పడుదురు. ఆ వయస్సున తుంటి యెముక విరిగినచో మంచము పట్టుటయే. 2018 ఆగస్టు 15న మన రాష్ట్రమున ‘కంటి వెలుగు’ పేర ఊరూర కంటి పరీక్షలు మొదలైనప్పుడు ముసలివారు బారులు తీరినది క్రొత్తగా చూచుటకు కాదు, పాత మనుమలనే స్పష్టముగా చూచుకొనుటకు.

మీటింగుల మాట వ్రాసిన సోదరికి మేమొక్కటే చెప్పితిమి. ఈ ప్రాంతపు ఆడుబిడ్డయైన మల్లు స్వరాజ్యముగారు నవయౌవనమున తెలంగాణ సాయుధ పోరాటములో తుపాకి పట్టిరి. తుంగతుర్తి నుండి రెండుమారులు శాసనసభకు ఎన్నికైరి. ఆమె ఆత్మకథ వెలువడినది 2019లో. అప్పటికి ఆమెకు ఎనుబది దాటి చాలకాలమైనది. 2022 మార్చి 19న కన్నుమూసిరి. ఆమెతో “ఈ వయసుల మైకు నీకెందుకు” అని యెవరైన అనగలిగియుందురా?

కోదాడలో మాటలు భూమిమీదికి పోయినవి. సాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు నేల యది. అచ్చట ఎకరము విలువ చిన్నపిల్లలకును తెలియును. ఒక పెద్దాయన తన పొలమును ఇద్దరు కొడుకులకు దానపత్రము వ్రాసియిచ్చెనట. తిండికి లోపము లేదని తానే చెప్పెను. “ఏ విత్తనం తెచ్చిండ్రని అడిగితే, నీకెందుకు పండుకో అంటరు తల్లీ” అనెను. అంతకు మించి యేమియు చెప్పలేదు.

మేము మా కాగితములు తీసి చట్టము చదివితిమి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమముల చట్టము చేయబడినది. బిడ్డలు పోషింపనిచో రెవెన్యూ డివిజనల్ ఆఫీసరుగారి అధ్యక్షతనుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. అది నెలకు 10,000 రూపాయలవరకు భృతి ఇప్పించగలదు. పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చి, ఆ షరతు చెల్లనిచో ఆ పత్రమును రద్దు చేయించుకొనవచ్చును. కావున పత్రము వ్రాయునప్పుడే ఆ షరతును అందు వ్రాయించుట మేలు, మొగమాటపడి విడువరాదు. దిక్కుతోచనివారు 14567 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. ఇవన్నియు తెలిసియుండవలసినవే. మేమంతయు చదివి ముగించిన పిదప ఆ పెద్దాయన నమస్కరించి, “నాకు కోర్టు వద్దమ్మా, విత్తనం సంగతి ఒక్కమాట అడిగితే చాలు” అని వెడలిపోయెను. ఆయన కోరినది మా కాగితములలో ఏ సెక్షనునను లేదు.

ఇక మిర్యాలగూడ. అది బియ్యపు మిల్లుల ఊరు. సదస్సును ఘనముగా జరుపవలెనని ముందువరుసలో ముసలమ్మలను కూర్చుండబెట్టి శాలువాలు కప్పితిమి. ముగ్గురు ఉపన్యసించిరి, మేమును ఉపన్యసించితిమి. పిదప హాజరు పుస్తకములో పేర్లు వ్రాసికొనుచు ఒక ముసలమ్మ ప్రక్కనున్న మనుమరాలిని, “అవ్వ పేరేమమ్మా?” అని యడిగితిమి.

“నా పేరు నన్నడుగు బిడ్డా!” అనెను ఆమె. సభ అంతయు నిశ్శబ్దమయ్యెను. నలుబదియేండ్లు మిల్లులో వడ్లెండబోసి, చెరిగి, ఊడ్చిన చేతులవి, వ్రేళ్ళగీతలు అరిగిపోయినవి. ఆసరా పింఛనుకు పోయినప్పుడు యంత్రము ఆమె వ్రేలిముద్రను పట్టదట. అచ్చటివారు ఆమెతో మాటాడక వెంటవచ్చిన మనుమనితో మాటాడుదురట. “మిషనుకు నా వేలు ఆనదు. నీకు నా నోరు ఆనలేదా?” అని యడిగెను.

మూడు పట్టణములు తిరిగి వయోవివక్షను బోధించుచున్న ప్రాజెక్టు ఆఫీసరు మేమే గదా! తలవంచుకొని, “తప్పయినదవ్వా, నీ పేరేమి?” అంటిమి. చెప్పెను. వ్రాసికొంటిమి. ఆనాటినుండి మా సదస్సులలో ఉపన్యాసములు తగ్గించి, ముందువరుసవారే మొదట మాటాడునట్లు చేయుచున్నాము. సంస్థవారికి పంపు నివేదికలో ఈ మార్పునకు కారణమేమని వ్రాయవలెనో చాలసేపు తోచలేదు, ఉన్నదున్నట్లు వ్రాసితిమి.

తిరుగు బస్సులో మాకు మా అత్తగారు జ్ఞాపకము వచ్చిరి. మామగారును బడిపంతులే, ఆయన పోయిన పిదప అత్తగారికి కుటుంబ పింఛను వచ్చుచున్నది. తాను బ్రదికియున్నానని ఏటేట ఋజువు చేసికొనుటకు మాత్రము ఆమెను ఆటోలో తీసికొనిపోవుదుము. పాసుపుస్తకము మా బీరువాలో నుండును. “ఎంతున్నదమ్మా?” అని రెండుమూడుమారులు అడిగిరి. “ఇప్పుడవన్ని మీకెందుకు అత్తమ్మా, మీ కొడుకు చూసుకుంటడు గద” అని మేమే అంటిమి. నవ్వుచునే అంటిమి.

మరునాడు ఉదయము పాసుపుస్తకమును, కార్డును తెచ్చి ఆమె ముందుంచితిమి. ఆమె అద్దములు పెట్టుకొని, చాలసేపు పుటలు త్రిప్పి, ఒకచోట వ్రేలుంచి, “ఇదేంది?” అని యడిగిరి. అది మా చిన్నవాని బడి ఫీజునకై మేము తీసికొన్న పైకము. చెప్పితిమి. “అడిగితే ఇయ్యకపోదునా?” అనిరి. మా వారు వార్తాపత్రికనుండి తలయెత్తలేదు.

పుస్తకము ఆమె ట్రంకుపెట్టెలోనికి పోయినది; తాళపుచెవి నడుమునకు చేరినది. ఆ శుక్రవారము మా పెద్దవానిని వెంటబెట్టుకొని తామే బ్యాంకునకు పోయివచ్చిరి. ఎంత తీసిరో చెప్పలేదు. మేము అడుగలేదు.