ట్రాలీ గదికి ఏసీ పెట్టేముందు ఒక్క మాట



ఈ మధ్య మన వాళ్ళు చాలామంది పాత ట్రాలీ చాసిస్ మీద ఇనుప యాంగిళ్ళు నిలబెట్టి, చుట్టూ రేకు కొట్టి చిన్న గది చేయించుకుంటున్నారు. మామిడి తోట గుత్తకు తీసుకున్నవాళ్ళు, మిర్చి కల్లం దగ్గర కాపలా పడుకునేవాళ్ళు, ఊరికి దూరంగా పొలం ఉన్నవాళ్ళు. ట్రాక్టర్‌కి తగిలిస్తే ఎక్కడికైనా వస్తుంది, పని అయిపోయాక ఇంటికి తెచ్చుకోవచ్చు. పరదా కింద పాముల భయంతో పడుకునే దానికంటే వెయ్యి రెట్లు నయం. అయితే గది పూర్తి కాకముందే అందరి నోటా ఒకటే ప్రశ్న: "అన్నా, దీనికి ఎన్ని టన్నుల ఏసీ పెట్టాలి?"

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. అది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు, ఆఖర్న అడగాల్సింది. ముందు వేడి లోపలికి రాకుండా ఆపాలి. తర్వాత కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో, ఎర్త్ ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. ఇవి రెండూ అయ్యాక ఇంకా అవసరం అనిపిస్తే అప్పుడు ఏసీ. ఈ వరస తిరగబడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం కూడా పోతుంది.

ముందుగా ఒక మాట. "రైతుకి ఏసీ ఏంటి" అని ఎగతాళి చేసేవాళ్ళని నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోవద్దు. 2020 నవంబరు నుంచి 2021 డిసెంబరు దాకా ఢిల్లీ సరిహద్దుల్లో, సింఘు, టిక్రీ దగ్గర పంజాబ్, హర్యానా రైతులు ట్రాలీలనే ఇళ్ళు చేసుకుని ఉన్నారు. ఎండాకాలం వచ్చేసరికి కొందరు ఆ ట్రాలీలకి కూలర్లు, ఏసీలు బిగించుకున్నారు. దాని మీద ఎన్ని వెటకారాలు వచ్చాయో మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. ఆ ఉద్యమం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, నేను ఇప్పుడు దాని జోలికి పోవట్లేదు. నాకు నచ్చింది ఇంకొకటి. అదే ఎండల్లో అక్కడ చాలామంది వెదురు బొంగులు, గడ్డితో గుడిసెలు కూడా వేసుకున్నారు. ఇనుప ట్రాలీ మధ్యాహ్నం పొయ్యి అవుతుందని, గడ్డి కప్పు చల్లగా ఉంటుందని వాళ్ళకి తెలుసు. మన తాతలకీ తెలుసు. రేకు చవగ్గా దొరికాక మనమే మర్చిపోయాం.

ఇప్పుడు లెక్క చూద్దాం. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గది అనుకోండి. బయట 43 డిగ్రీలు. రెంటచింతల, కొత్తగూడెం, రామగుండం వైపు వాళ్ళకి ఇది కొత్త కాదు. ఆ టైములో ఎండలో ఉన్న పైరేకు 60 డిగ్రీలు దాటిపోతుంది, చెయ్యి పెట్టలేం. లోపల 28 ఉండాలంటే, ఒట్టి రేకు గదిలోకి గోడల నుంచి, కప్పు నుంచి వచ్చే వేడి దాదాపు మూడు వేల వాట్లు ఉంటుంది. ఒక టన్ను ఏసీ తీసెయ్యగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అది కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. బయట ఎండ పెరిగే కొద్దీ ఏసీ బలం తగ్గుతుంది. ఒక్కో మనిషి ఒంట్లోంచి వచ్చే వేడే వంద వాట్లు. తలుపు తీసి మూసినప్పుడల్లా లోపలికి వచ్చే వేడి గాలి సరేసరి. అంటే ఇంత చిన్న గదికి ఒక టన్ను పెట్టినా అది ఆగకుండా రొప్పుతూ ఉంటుంది.

అదే గదికి లోపలివైపు రెండంగుళాల గట్టి థర్మోకోల్ కొట్టించండి. వచ్చే వేడి మూడు వేల నుంచి నాలుగు వందల వాట్లకి పడిపోతుంది. ఇనుప యాంగిళ్ళ ద్వారా వచ్చేది కలిపినా ఐదారు వందలు దాటదు. అప్పుడు ముప్పావు టన్ను ఏసీనే ఎక్కువ, సగం సేపు ఆగే ఉంటుంది. థర్మోకోల్‌కి ఒక్కసారి పెట్టే డబ్బు ప్రతి రోజూ కరెంటు రూపంలో తిరిగొస్తుంది. ఏసీకి పెట్టేది ప్రతి రోజూ పోతూనే ఉంటుంది.

కొట్టించేటప్పుడు ఇవి గుర్తు పెట్టుకోండి. అంగుళం షీట్లు రెండు వరసలు వేసి, ఒక వరస అతుకు మీద ఇంకో వరస అతుకు పడకుండా చూడండి. యాంగిళ్ళ మధ్య ఖాళీల్లో నింపి ఊరుకోవద్దు, యాంగిళ్ళ మీదుగా కూడా కప్పాలి. లేకపోతే ఇనుమే వేడిని లోపలికి మోసుకొస్తుంది. కింద ఫ్లోరు మర్చిపోవద్దు. థర్మోకోల్ నిప్పు తగిలితే గబగబా అంటుకుంటుంది, దాని పొగ విషం. అందుకని దాన్ని బయటికి కనపడేలా వదలకుండా పైన ప్లైవుడ్ గానీ సిమెంటు బోర్డు గానీ కొట్టండి. వైర్లు పైపుల్లో పోవాలి. ఆ గదిలో స్టవ్వు వెలిగించకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. డబ్బు ఉన్నవాళ్ళు పఫ్ ప్యానెల్‌తో కట్టిస్తే ఈ పని సగం తప్పుతుంది.

పైరేకుకి తెల్ల సున్నమో, కూల్ పెయింటో వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, అంటే ఇదేదో ముసలమ్మల చిట్కా కాదు. రేకుకి అరడుగు పైన తాటాకు పందిరో, షేడ్‌నెట్టో వేస్తే ఎండ అసలు రేకునే తాకదు. చక్రాల గదికి ఇంకో సౌకర్యం ఉంది, కావాల్సిన వైపు తిప్పుకోవచ్చు. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం చూసేలా, పొట్టి గోడ పడమర చూసేలా నిలబెట్టండి. సాయంత్రం ఎండ తక్కువ రేకు మీద పడుతుంది. వేప చెట్టు నీడ దొరికితే మరీ మంచిది, ఎండు కొమ్మలు లేకుండా చూసుకోండి.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. మీరు ఆ గదిలో రాత్రి మాత్రమే పడుకుంటారా? అలాగైతే మీకు బహుశా ఏసీనే అక్కర్లేదు. స్లాబు ఇల్లు పగలంతా తాగిన వేడిని రాత్రి పది, పదకొండు దాకా కక్కుతూనే ఉంటుంది. పల్చటి రేకు అలా కాదు, పొద్దు గుంకిన కాసేపటికే చల్లారుతుంది. ఎదురెదురుగా రెండు పెద్ద కిటికీలు, దోమల జాలీ, ఒక ఫ్యాను ఉంటే పొలం గాలికి హాయిగా నిద్ర పడుతుంది. పొడి ఎండలు ఉండే తెలంగాణలో, రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పని చేస్తుంది, రెండు వందల వాట్లలోపే లాగుతుంది. కాకపోతే కూలర్ పెడితే కిటికీ తెరిచి ఉండాలి, మూస్తే ఉక్క పోసి చస్తాం. సముద్రం దగ్గర ఊళ్ళలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అక్కడ కూలర్ దండగ.

సరే, ఏసీ పెట్టాలనే నిర్ణయించుకున్నారు. కరెంటు ఎక్కడిది? వ్యవసాయ మోటారు కనెక్షన్ నుంచి వైరు లాగుదామని చూడొద్దు. ఉచిత కరెంటు ఇచ్చింది నీళ్ళు తోడుకోడానికి. వేరే దానికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో కట్టిస్తారు. ఇంటి నుంచి లాగుదామంటే దూరం చూసుకోండి. రెండు వందల మీటర్లు ఒకటిన్నర ఎస్‌క్యూఎంఎం రాగి వైరు లాగితే, ఐదు ఆంపియర్లకే పాతిక వోల్టుల దాకా దారిలోనే పోతాయి. కంప్రెసర్ లేచేటప్పుడు దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. పల్లెటూరి లో వోల్టేజీకి ఇది కూడా తోడైతే కంప్రెసర్ మూలుగుతుంది గానీ లేవదు, కొన్నాళ్ళకి కాలిపోతుంది. అంత దూరానికి కనీసం నాలుగు ఎస్‌క్యూఎంఎం వైరు వేయాలి, స్టెబిలైజర్ పెట్టాలి, ఇన్వర్టర్ రకం ఏసీ తీసుకోవాలి. ఆ రకం మెల్లగా లేస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా అంటారేమో. 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది రెండు యూనిట్లు కూడా కాదు. ముప్పావు టన్ను ఏసీ ఆగకుండా నడిస్తే రెండు గంటలు కూడా రాదు. సోలార్ అయితే ఒక కిలోవాట్ ప్యానెళ్ళు రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పగలు ఎండ ఉన్నప్పుడే నడుపుకుంటే అది బాగానే ఉంటుంది. రాత్రికి దాచుకోవాలంటే బ్యాటరీల ఖర్చు గది ఖర్చుని మించిపోతుంది.

ఇక జనరేటర్. ఇక్కడ కొంచెం ఆగి చదవండి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి దగ్గు కూడా రాదు, తెల్లారి లేవడు, అంతే. జనరేటర్‌ని ట్రాలీ కింద, ట్రాలీ పక్కన, గోడ చాటున ఎప్పుడూ పెట్టకండి. కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి మన గది వైపు వీచని చోట, పొగ గొట్టం అవతలికి తిరిగేలా పెట్టాలి. చలికాలంలో కుంపటి లోపల పెట్టుకునేవాళ్ళకీ ఇదే మాట. పైగా జనరేటర్ గంటకి లీటరుకి అటూ ఇటూ పెట్రోలు తాగుతుంది. రాత్రంతా నడిపితే అది కాపలా కూలి కంటే ఎక్కువ.

దీనికంటే పెద్ద ప్రమాదం ఎర్తింగ్. ఇనుప గది రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, అంటే దానికి భూమితో సంబంధమే లేదు. లోపల ఎక్కడ వైరు తొక్క ఊడి బాడీకి తగిలినా గది మొత్తానికి కరెంటు వస్తుంది. లోపల ఉన్నవాడికి ఏమీ తెలియదు. బయట తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాడు పోతాడు. మన దగ్గర మోటార్ల దగ్గర, స్టార్టర్ డబ్బాల దగ్గర ఎంతమంది పోతున్నారో మీకు చెప్పనక్కర్లేదు. గది నిలబెట్టిన ప్రతి చోటా ఎర్త్ రాడ్ దింపి, చాసిస్‌కి గట్టిగా బిగించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టాలి. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఈ రెండింటికీ డబ్బు లేదంటే ఏసీకీ లేనట్టే.

బిగించే పద్ధతి కూడా చెప్తా. ట్రాలీకి స్ప్లిట్ కంటే విండో ఏసీ మేలు. స్ప్లిట్‌కి రాగి పైపుల జాయింట్లు సైటు దగ్గర బిగిస్తారు, గతుకుల రోడ్డు కుదుపులకి అవి వదులై గ్యాసు పోతుంది. విండో ఏసీ మొత్తం కంపెనీలోనే సీలు చేసి వస్తుంది. దాని వెనక భాగం, పక్కన ఉండే గాలి చీలికలు పూర్తిగా గోడకి బయట ఉండాలి. అవి మూసుకుపోతే వేడి బయటికి పోక ఏసీ తనని తానే ఉడకబెట్టుకుంటుంది. నీళ్ళు బయటికి కారేలా వెనక్కి కొద్దిగా వాలుగా పెట్టండి. కింద యాంగిల్ స్టాండు, రబ్బరు ముక్కలు వేయండి. దూరం పోయేటప్పుడు తీసి పరుపు మీద నిలబెట్టి తీసుకుపోవడం ఇంకా మంచిది. దుమ్ము మన పొలాల్లో ఎక్కువ కాబట్టి ఫిల్టరు వారానికోసారి కడగాలి. 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టుకుంటే చాలు, 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ.

ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. అంత చిన్న గదిలో సందు లేకుండా మూసుకుని ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి తలనొప్పి, మబ్బు. కింద ఒక చోట, పైన ఒక చోట అరచెయ్యంత కన్నం, జాలీతో వదిలి పెట్టండి. కొద్దిగా చల్లదనం పోయినా పర్లేదు.

చివరిగా నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే మాట. వడదెబ్బ ఎక్కువగా మిట్టమధ్యాహ్నం తగులుతుంది. ఏసీ గది కట్టించి దానికి పగలు తాళం వేసి, రాత్రి మనమొక్కళ్ళం పడుకోడానికి వాడుకుంటే అది సోకు అవుతుంది. అదే గదిని పన్నెండు నుంచి మూడు దాకా తెరిచి, మిర్చి కోసే అమ్మలకి, కాయ దించే కుర్రాళ్ళకి వంతులవారీగా పావుగంట కూర్చునే చోటు చేస్తే అది అక్షరాలా ప్రాణం కాపాడే గది. కళ్ళు తిరిగి పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి వచ్చేలోపు అందులో పడుకోబెట్టి, తడిగుడ్డ పెట్టి, గాలి తగలనిస్తే ఆ కాసేపే చాలా విలువైంది. కూలీలు దొరకట్లేదని బాధపడే మనం, ఉన్న కూలీలకి నీడ ఇవ్వకపోతే ఎట్లా?

కాబట్టి వరస మర్చిపోవద్దు. నీడ, సున్నం, థర్మోకోల్, గాలి సందులు, ఎర్త్, ఆర్‌సీసీబీ. ఆ తర్వాతే ఏసీ. ఈ పనులు చేశాక మీలో సగం మందికి ఏసీ కొనాల్సిన అవసరమే కనపడదని నా నమ్మకం. కొన్నవాళ్ళు కూడా చిన్నది కొని, తక్కువ బిల్లుతో, భయం లేకుండా పడుకుంటారు. ఇప్పటికే గది చేయించుకున్నవాళ్ళు ఉంటే, రేపు పొద్దున్నే చేయాల్సిన పని ఒకటే: ఎర్త్ రాడ్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది వేయించాకే మెయిన్ ఆన్ చేయండి.

మీ ఊళ్ళో ఇలాంటి గది ఎవరైనా కట్టిస్తుంటే ఈ పోస్టు వాళ్ళకి పంపండి. ఉంటాను.