గని కార్మికుడు - రోగోపశమనము

సింగరేణి సంస్థవారి గోలేటిలో బొగ్గు టన్నులకు లెక్క గలదు. మస్టర్లకు లెక్క గలదు. కార్మికుడు క్యాన్సరు వాతబడినపుడును ఒక లెక్క గలదు: ఫిట్టా, అన్‌ఫిట్టా? మెడికల్ బోర్డువారు అన్‌ఫిట్ అని వ్రాసినచో కుమారునకు కొలువు దొరకునని యింటిల్లిపాదికిని ఆశ. తండ్రి దేహమే దస్తావేజగుచున్నది. ఇందులకు ఆ కుటుంబమును మేము తప్పుపట్టజాలము, అది కూటిమాట. కాని ఆ కాగితము చేతికందిన పిదప, రాత్రి నిద్రపట్టినదా, అన్నము సయించినదా యని ఆ మనుష్యుని అడుగువారెవరు?

ఇవి జాలిమాటలని కొందరందురు. కావు. ఐరోపా వైద్యులు 1993లోనే 30 ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. గడచిన వారమున నొప్పి యెంత, నిద్ర యెట్లున్నది, జబ్బువలన డబ్బునకు ఇబ్బంది కలిగినదా యని క్యాన్సరు రోగినే యడిగి, అతని బ్రదుకు తీరును అంకెలలో కొలుతురు. ఉపశమన చికిత్స యనగా చావునకు సాగనంపుట యని తలచువారు 2010లో బోస్టను వైద్యులు వెల్లడించిన ఫలితమును చూడవలెను. ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిన 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతోపాటు మొదటినుండియు ఉపశమన చికిత్స నొసగిరి. వారి దిగులు తగ్గినది, బ్రదుకు మెరుగైనది. అంతేకాదు, తక్కినవారి మధ్యగతాయువు 8.9 నెలలు కాగా వీరిది 11.6 నెలలైనది.

శస్త్రచికిత్సకును కీమోకును హైదరాబాదు పోవలసినదే. రేచిని రోడ్డు స్టేషనులో రైలెక్కి 250 కిలోమీటర్లకు పైబడిన పయనము. పోవుదురు, వత్తురు. నొప్పి మాత్రము అర్ధరాత్రి క్వార్టరులో వచ్చును. దానికి మందు మార్ఫీను. నల్లమందునుండి తీసిన చవుక సరకు. సర్కారు లైసెన్సుతో నల్లమందు పండించి పరదేశములకు ఎగుమతి చేయు దేశమున, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు జడిసి ఆసుపత్రులే మార్ఫీను నిలువ చేయ వెనుదీసినవి. స్వదేశపు పంట స్వదేశపు రోగికి అందకపోవుట యెంత విపరీతము! 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సుగమము చేసినది. ఇక చట్టముపై నెపము చెల్లదు.

కోజికోడులో 1993లో కొందరు వైద్యులు మొదలిడిన పని ఇరుగుపొరుగువారి చేతులమీదుగా కేరళమంతట వ్యాపించినది. 2008లో ఆ ప్రభుత్వము దానిని తన విధానముగా ప్రకటించినది. తెలంగాణ ప్రభుత్వమును జిల్లాలలో ఇట్టి కేంద్రములను తెరచినది. ఒకరి కష్టమునకు వాడంతయు కదలు బొగ్గుబావుల సీమలో చేతులకు కొదువ యేమి?

సంస్థవారి ప్రతి ఏరియా ఆసుపత్రిలోను మార్ఫీను నిత్యము దొరకవలెను. క్వార్టరుకు వచ్చి చూచిపోవు నర్సు ఉండవలెను. పర్మనెంటు కార్మికునకు మాత్రమే కాదు, కాంట్రాక్టు కార్మికునకును, దిగిపోయిన ముదుసలికిని. నొప్పి మస్టరు చూచి రాదు గదా.

సింగరేణిలో గుర్తింపు సంఘపు ఎన్నికలు 1998 నుండి జరుగుచున్నవి. వారసత్వపు కొలువులను గూర్చి వాగ్దానములు చాల విన్నాము. రాబోవు ఎన్నికల కరపత్రములలో ఈ మందు మాట మొదట వ్రాయు సంఘమేదో చూతము.