పేరు చెప్పలేని గాయం

యుద్ధంలో చేయి కోల్పోయిన సైనికునికి ఊరు నమస్కరిస్తుంది. చూపు పోయినవానిని సభకు పిలిచి శాలువ కప్పుతుంది. వెన్నెముకకు దెబ్బ తగిలి దాంపత్యసుఖానికి దూరమైనవాని సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, అతడూ ఎత్తడు. ఈ మౌనం సహజమైనదే. కాని పింఛను నిబంధనలు మౌనాన్ని అర్థం చేసుకోలేవు. వైద్యమండలి పత్రంలోనికి ఎక్కని గాయం ప్రభుత్వం దృష్టిలో లేనట్టే.

వైద్యులు అంగస్తంభన లోపమని పిలిచే ఈ స్థితి నాడులకు, రక్తనాళాలకు, హార్మోనులకు, మనస్సుకు సంబంధించినది. వెన్నుపాముకు గాని, కటిప్రదేశానికి గాని గాయమైతే ఇది కలుగవచ్చును. మధుమేహం, అధిక రక్తపోటు దీర్ఘకాలం రక్తనాళాలను చెరచుట వలన కూడ కలుగుతుంది. యుద్ధానుభవం మిగిల్చిన మనోవ్యాధికి వాడే మందులు కొన్ని దీనికి కారణం కావచ్చును. మూలం ఒకచోట, ఫలం మరొకచోట కనుపించుటయే ఇందులోని చిక్కు.

అమెరికా మాజీ సైనికుల పరిహార చట్టం ఈ కార్యకారణ సంబంధాన్ని అంగీకరించింది. సేవలో వచ్చిన వ్యాధి వలన గాని, దాని చికిత్స వలన గాని మరొక లోపం పుడితే, దానినీ సేవాఫలంగానే గణిస్తారు. 2021లో సవరించిన అక్కడి పట్టిక అంగస్తంభన లోపానికి వేసిన అంకె సున్న శాతం. సంపాదనాశక్తి దీనివలన తగ్గదని భావం. అయినను చట్టం అక్కడ ఆగలేదు. సృజనావయవమని పేరుపెట్టి, దాని ఉపయోగం కోల్పోయినవారికి ప్రత్యేక భత్యం ఏర్పరచింది. 2024 డిసెంబరులో ఆ భత్యం నెలకు 136 డాలర్ల పైచిలుకుగా నిర్ణయమైనది. మొత్తం చిన్నదే. కాని జీతానికి కలిగిన నష్టం వేరు, జీవితానికి కలిగిన నష్టం వేరు అన్న వివేకం అందులో ఉన్నది.

వయస్సు మీరినవారిలో సాధారణమైన లోపానికి ప్రజాధనం ఎందుకని అడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. వార్ధక్యానికి సైన్యం బాధ్యత వహించనక్కరలేదు. అందువలననే సేవకూ లోపానికీ గల సంబంధాన్ని వైద్యసాక్ష్యంతో పరిశీలించవలసి ఉంటుంది. పరిశీలించుట వేరు, ప్రస్తావనే రానీయకుండుట వేరు.

భారతదేశంలో ఇటువంటి ప్రత్యేక భత్యం లేదు. వైకల్యం సైనికసేవ వలన కలిగినదా, సేవ వలన ముదిరినదా, ఎంత శాతం అన్నవే ఇక్కడి ప్రశ్నలు. సేవాకాలం ముగించుకొని వచ్చేవానికి సాధారణంగా 20 శాతమైనా ఉండవలెను. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యసూత్రం చెప్పింది. చేరేనాటి పత్రంలో ఏ వ్యాధీ నమోదు కాకుంటే సైనికుడు ఆరోగ్యవంతుడుగా చేరినట్టే భావించాలి. తరువాత వచ్చిన వ్యాధికి సేవతో సంబంధం లేదని చూపవలసిన భారం ప్రభుత్వానిదే. 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నిబంధనలు అమలులోనికి వచ్చాయి. మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధుల విషయంలో ఇవి కఠినమని మాజీ సైనికులు ఆక్షేపించారు. మూలవ్యాధికే చోటు ఇరుకైనచోట, దాని నుండి పుట్టిన లోపాన్ని ఎవరు పట్టించుకొంటారు?

తిరువూరు వంటి పట్టణానికి తిరిగివచ్చి స్థిరపడిన మాజీ సైనికుని వైపు నుండి చూస్తే కష్టం మరింత స్పష్టమవుతుంది. సైన్యం విడిచే ముందు జరిగిన వైద్యపరీక్షలో సిగ్గుచేత నోరు విప్పలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట మందుల దుకాణంలో పరిచయస్థులు, కచేరీలో బంధువులు. అర్జీ త్రోసివేస్తే సాయుధదళాల ట్రిబ్యునలు చెన్నై ధర్మాసనాన్ని ఆశ్రయించవలెను. ఏండ్లు గడచిన తరువాత ఆనాటి పత్రంలో లేని మాటను ఋజువు చేయుట తేలిక కాదు.

ఈ సిగ్గుకు భాష కూడ కొంత కారణం. గీత రెండవ అధ్యాయంలో విల్లు దించిన అర్జునుని మందలిస్తూ కృష్ణుడు వాడిన మాట క్లైబ్యం. నపుంసకత్వమని దాని అర్థం. అక్కడ ఉద్దేశించినది పిరికితనం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపే అలవాటు నేటి తిట్లలోను ఉన్నది. ధైర్యాన్ని వృత్తిగా స్వీకరించినవాడు ఆ మాటను తన పేరుప్రక్కన ఎట్లు వ్రాసుకొంటాడు? అయితే అదే అర్జునుడు విరాటుని కొలువులో బృహన్నలగా ఏడాది గడిపి, బృహన్నలగానే రథమెక్కి గోగ్రహణానికి వచ్చిన కౌరవులను ఎదుర్కొన్నాడు. తిక్కన విరాటపర్వం చదివిన విద్యార్థులకు ఇది తెలిసిన కథయే. శరీరస్థితికీ శౌర్యానికీ ముడి లేదని చెప్పుటకు పరదేశపు ఉదాహరణ అక్కరలేదు.

చేయవలసినవి పెద్ద పనులు కావు. సేవ విడిచే ప్రతి సైనికుని వైద్యుడు ఏకాంతంలో, అతనికి తెలిసిన భాషలో, నిద్రను గురించి అడిగినంత మామూలుగా దీనిని గురించియు అడుగవలెను. సంపాదనకు అందని నష్టానికి నిబంధనలలో కొంత చోటు కల్పించవలెను. తరగతిలో ఆ పాతమాట తిట్టుగా వినవచ్చినప్పుడు, అది ఒక వ్యాధి పేరని ఉపాధ్యాయుడు నెమ్మదిగా చెప్పవలెను. రేపు సైన్యంలో చేరేవారు ఆ బల్లలమీదనే కూర్చున్నారు.