చేపకి ముందు మూడు వందల కోట్ల ఏళ్ళు

దశావతారాలంటే పరిణామ సిద్ధాంతమేననీ, డార్విన్ కంటే ముందే మనవాళ్ళు చెప్పేశారనీ ప్రవచనాల్లో, వాట్సాప్‌లో వినీ వినీ అలవాటైపోయింది. ఇప్పుడా మాట సాహిత్య వ్యాసాల్లోకి కూడా వచ్చి కూర్చుంది. చేప, తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు, ఆపైన నిండు మనిషి. వరస ముచ్చటగానే ఉంది. కానీ ఒకసారి లెక్క చూద్దాం.

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్ళలో దాదాపు 348 కోట్ల ఏళ్ళనాటి జీవపు ఆనవాళ్ళున్నాయి. మనకి దొరికిన తొలి చేపలు సుమారు 52 కోట్ల ఏళ్ళ క్రితానివి. అంటే జీవం కథ మొదలైన మూడు వందల కోట్ల ఏళ్ళకి గానీ చేప రాలేదు. నూరు పేజీల పుస్తకంలో మొదటి ఎనభై అయిదు పేజీలు లేకుండానే కథంతా మా దగ్గరుంది అంటే ఎలాగండీ?

ఆ పేజీల నిండా ఉన్నది సూక్ష్మజీవులు. వాటిలో సయనోబాక్టీరియా ఎండ సాయంతో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదలడం నేర్చాయి. సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం ఆ ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. ఈ పని జరక్కపోతే చేపా లేదు, చేపని చూపించి వాదించేవాళ్ళూ లేరు. వీటికి మాత్రం ఏ అవతారమూ దక్కలేదు.

పోనీ, ఇదంతా పరాయి దేశపు రాళ్ళ సంగతి అనుకుందామా? కడప జిల్లా వేంపల్లె పేరుతోనే పిలిచే డోలమైట్ రాళ్ళున్నాయి. వాటి వయసు 188 కోట్ల ఏళ్ళ పైమాటే. సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన స్ట్రోమటోలైట్లు వాటిలో అట్ల దొంతరల్లా కనిపిస్తాయి. పూర్వీకుల గొప్ప చెప్పుకోవాలంటే ఇంతకంటే పాతవాళ్ళు ఎవరున్నారు?

సాహిత్యం వైపు నుంచి చూసినా ఈ వాదన నిలబడదు. భాగవతం ప్రథమ స్కంధంలో ఇరవై రెండు అవతారాల జాబితా ఉంది. అందులో వరాహం రెండోది, మత్స్యం పదోది. పంది ముందు, చేప వెనక! మనకి నచ్చిన వరసని మాత్రమే ఏరుకుని ఇదే సైన్సు అనడం, జవాబు చూసి లెక్క చెయ్యడమే. పైగా అవతారం అంటే దిగిరావడం. ప్రతిసారీ దిగేది ఆ ఒక్క దేవుడే. తాబేలు చేపకి వారసుడని ఏ పురాణమూ అనలేదు. డార్విన్ చెప్పిందేమో వారసత్వం గురించి, ప్రకృతి వరణం గురించి. ఈ రెండూ లేకపోతే మిగిలేది జంతువుల జాబితానే.

ఇంకో సంగతి. ఈ పోలికని 1877లోనే అచ్చువేసింది బ్లావట్‌స్కీ అనే రష్యన్ మహిళ, న్యూయార్క్‌లో వెలువడిన తన ‘ఐసిస్ అన్‌వెయిల్డ్’లో. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. మనం సనాతనం అనుకుంటున్న వాదన డార్విన్ తర్వాతదే.

“ప్రతీకగా చెప్పాంలెండి” అంటారు కొందరు. సంతోషం. అయితే డార్విన్ కంటే ముందు అనే మాట వెనక్కి తీసుకోండి. ప్రతీకలకి ముందూ వెనకా పోటీ ఉండదు. మత్స్యావతార కథకి దాని అందం దానికుంది, ప్రళయజలాల్లో పడవని లాక్కుపోయే ఆ చేపకి ఏ శాస్త్రవేత్తా సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు. వేంపల్లె రాళ్ళకీ మన పురాణాలు హామీ ఉండనక్కర్లేదు. రెండిటినీ వేరువేరుగా, ఓపిగ్గా చదవాలి. అంతే.