పుట్టింటి పిలుపు

ఆడపడుచునకు పుట్టినిల్లన్న నెంతటి మమకారమో వేఱుగ జెప్ప నక్కఱలేదు. ఎంత సిరిగల యత్తవారింట నున్నను, పుట్టింటినుండి పిలుపు వచ్చినదన్నచో మనసు నిలువదు. ఆ పుట్టినిల్లే యొకనాడు "నీవు మా పిల్లవు కావు" అని వాకిలి మూసి, మూడేండ్లు గడచిన పిమ్మట, లోకులు తప్పుపట్టుదురన్న వెఱపుతో "రమ్ము, నలుగురి యెదుట వచ్చి కూర్చుండుము" అని పిలిచినయెడల ఆ కూతురేమి చేయవలెను? పోవలెనా, మానవలెనా? ఈ మాసమున మేము వ్రాయదలచినది అట్టి సంకటమున బడిన యొక స్త్రీ చరితము. ఆమె పేరు హెలేన మేయరు. ఆమెకు పుట్టినిల్లు జర్మనీ దేశము. ఆమె నేర్చిన విద్య కత్తిసాము.

ముందుగా నా విద్యను గూర్చి రెండు మాటలు. పాశ్చాత్యుల కత్తిసాములో ఫాయిలు, ఎపీ, సేబరు అని మూడు విధములగు కత్తులు గలవు. 2021వ సంవత్సరమున జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో మన చెన్నపట్టణపు భవానీదేవి పోరాడినది సేబరుతో. ఒలింపిక్ క్రీడలలో కత్తిసాము చేసినవారిలో, పురుషులలో గాని స్త్రీలలో గాని, భారతదేశమునుండి ఆమెయే మొదటిది. హెలేన చేతబట్టినది ఫాయిలు. అది సన్నని కత్తి, వంగును, బరువు 500 గ్రాములకు లోపే. మొన మొద్దుగా నుండును గనుక గాయము కాదు. ఎదుటివారి మొండెమునందు మొన తాకినగాని లెక్కకు రాదు. చేతికి గాని కాలికి గాని తగిలినది లెక్కింపబడదు. ఇందులో మఱియొక నియమము గలదు. ఒకరు ముందుగా పైకి వచ్చినప్పుడు, రెండవవారు తిరిగి పొడువదలచినచో, మొదట ఆ పోటును తమ కత్తితో ప్రక్కకు త్రోసివేయవలెను. అట్లు చేసిన పిమ్మటనే వారికి పొడుచు హక్కు కలుగును. కావున నిది బాహుబలముకంటె చూపును, ఓర్పును, బుద్ధిని ఎక్కువగా కోరు విద్య.

నేడు మొన తాకినదో లేదో విద్యుద్యంత్రము తెలుపుచున్నది. హెలేన కాలమున నట్టి యంత్రము ఫాయిలునకు లేదు. న్యాయనిర్ణేతలు కన్నులతో జూచి చెప్పవలసినదే. స్త్రీలు 5 తాకుల వఱకు పోరాడుచుండిరి. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు కత్తిసాము 1924లో ప్యారిసు నగరమున మొదలాయెను; ఆ యేట డెన్మార్కు దేశపు ఎలెన్ ఓసియర్ గెలిచెను. ఆ నాడు స్త్రీలకిచ్చినది ఫాయిలొక్కటియే. ఎపీ 1996లోను, సేబరు 2004లోను గాని వారికి లభింపలేదు.

హెలేన 1910 డిసెంబరు 20వ తేదీన ఓఫెన్‌బాఖ్ అను పట్టణమున జన్మించెను. మా యింటివారు పాఠశాలలోని పటము తెచ్చి మాకు దానిని చూపిరి. అది ఫ్రాంక్‌ఫర్టు నగరము నానుకొని, మైను నదీతీరమున నున్నది. తోలుసామానునకు పేరు పడిన యూరు. తండ్రి లుడ్విగ్ మేయరు వైద్యుడు, యూదుడు. తల్లి క్రైస్తవురాలు. ఇరువురు సోదరులు గలరు. హెలేన తన్ను యూదురాలినని యెంచుకొనలేదు. జర్మను పిల్లననియే యెఱుగును. ఆ యూరి కత్తిసాము సంఘమున ఆర్టురో గజ్జేరా అను ఇటలీ దేశపు గురువుకడ ఆమె విద్య నేర్చెను. 1925లో, పదునైదేండ్లు నిండకముందే, జర్మనీ స్త్రీలలో ప్రథమస్థానము గెలుచుకొనెను. 1930 వఱకు ఏటేట ఆ స్థానమును నిలుపుకొనెను.

1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్ క్రీడలు జరిగెను. హెలేనకు అప్పటికి 17 ఏండ్లు. 20 పోరులలో 18 గెలిచి, రెంటిలో మాత్రమే యోడి, స్వర్ణపతకము తెచ్చెను. ఆమె పొడగరి, పసిడివన్నె జుట్టు జడలుగా నల్లి తలకు జుట్టి, తెల్లని పట్టీ కట్టుకొని బరిలోనికి వచ్చెడిది. దేశమంతయు ఆమెను "పసిడి హే" అని ముద్దుపేరున పిలిచెను. 1929లోను, 1931లోను నానాదేశముల పోటీలలో మరల గెలిచెను. ఆ 1931లోనే తండ్రి గతించెను. 1932లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆమెకు పతకము దక్కలేదు, అయిదవస్థానమున నిలిచెను.

ఆ క్రీడలలోనే జరిగిన యొక ముచ్చట నిచ్చట చెప్పవలెను. స్వర్ణము కొఱకు ఇంగ్లండు దేశపు జూడీ గిన్నెసు, ఆస్ట్రియా దేశపు ఎలెన్ ప్రైసు పోరాడుచుండిరి. ప్రైసు కత్తిమొన తన్ను రెండుమాఱులు తాకినను న్యాయనిర్ణేతలు చూడకపోగా, గిన్నెసు తానే "తాకినది" అని చెప్పి యొప్పుకొనెను. ప్రైసు గెలిచెను; గిన్నెసునకు రజతము వచ్చెను. ఈ మాటను గుర్తుంచుకొనుడు, మరల దీనికడకు వచ్చెదము.

క్రీడల పిమ్మట హెలేన స్వదేశమునకు పోక, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ కళాశాలలో చదువుకొనుచుండెను. 1933 జనవరిలో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ సంవత్సరమే, చిన్ననాట చేత కత్తి పెట్టిన ఓఫెన్‌బాఖ్ సంఘము ఆమె పేరు కొట్టివేసెను. చదువునకై వచ్చుచున్న జర్మను విద్యార్థివేతనమును నిలిచిపోయెను. తండ్రి యూదుడనుటయే కారణము. కురుకుమారుల విద్యాప్రదర్శన రంగమున కర్ణుడు తన నేర్పు చూపి నిలిచినప్పుడు, నీ తల్లిదండ్రు లెవరని కృపాచార్యు డడిగిన సంగతి మన మందఱ మెఱిగినదే. అచ్చట నా ప్రశ్న పోరునకు ముందు వచ్చినది. హెలేనకు, గెలిచి, దేశమునకు పతకము తెచ్చి, అయిదేండ్లయిన పిమ్మట వచ్చినది. ఆమె 1934లో ఓక్‌లాండు పట్టణమునందలి మిల్సు కళాశాలలో జర్మను భాష బోధింపజేరెను. కత్తి మాత్రము విడువలేదు. ఆ యేడే అమెరికా స్త్రీలలో ప్రథమురాలయ్యెను.

1936 ఒలింపిక్ క్రీడలు బెర్లినులో జరుగవలసియుండెను. 1935 సెప్టెంబరులో నాజీలు న్యూరెంబర్గు నగరమున చట్టములు చేసి, యూదులకు పౌరసత్వము లేకుండ జేసిరి. ఇట్టి దేశమునకు మన క్రీడాకారులను పంపరాదని అమెరికాలో పెద్ద కలకలము బయలుదేరెను. డిసెంబరులో క్రీడాసంఘముల సభ జరుగగా, కొద్దిపాటి వోట్ల తేడాతో పోవుటయే నిశ్చయమాయెను. జర్మనీవారికి అప్పుడు యూదరక్తము గలవారిని ఎవరినైన జట్టులో చూపవలసిన యక్కఱ కలిగెను. పంపివేసిన హెలేన వారికి జ్ఞప్తికి వచ్చెను. ఆమెకు పిలుపు పంపిరి. ఆమె జన్మమును గూర్చి పత్రికలలో నేమియు వ్రాయరాదని స్వదేశమున ప్రచారశాఖవారు ఉత్తరువిచ్చిరి. బయటివారికి చూపుటకు యూదుని కూతురు కావలెను; ఇంటివారికి ఆ మాట తెలియరాదు!

ఆ పిలుపు ఎట్టిదో తెలియుటకు గ్రెటెల్ బెర్గ్‌మాన్ కథ చాలును. ఆమె యూదకన్యక, ఎత్తు దూకుటలో మేటి. ఆమెనుగూడ జట్టు శిక్షణమునకు పిలిచిరి. 1936 వేసవిలో ఆమె 1 మీటరు 60 సెంటీమీటర్లు దూకి జర్మనీ రికార్డుతో సమానము చేసెను. జూలైలో అమెరికా జట్టు ఓడ నెక్కి బయలుదేరిన వెంటనే, నీకు జట్టులో చోటు లేదని ఆమెకు లేఖ వచ్చెను. అమెరికావారు ఇక వెనుకకు పోరని తెలిసినది. ఆమెతో పని తీరినది.

హెలేనను పోవలదని అమెరికాలో పలువురు వేడిరి. ఆమె తనకు పూర్ణ పౌరసత్వము కావలెనని కోరి, కడకు పోయెను. తల్లియు సోదరులును జర్మనీలోనే యుండిరి. ఒలింపిక్ బరిలో మరల నిలువవలెనన్న కోరికయు నుండెను. దాక్షాయణి పిలువని పుట్టింటికి పోయి యవమానము పొందినది. హెలేన పిలిచిన పుట్టింటికే పోయినది. అవమానము ఆ పిలుపులోనే యున్నది.

బెర్లినులో హంగరీ దేశపు ఇలోనా ఎలెకు స్వర్ణము గెలిచెను. హెలేనకు రజతము, ప్రైసునకు కాంస్యము వచ్చెను. గెలిచిన ఎలెకు తండ్రియు యూదుడే యగుట విశేషము. పతకములిచ్చు వేళ హెలేన తెల్లని దుస్తులతో మెట్టుపై నిలిచి, కుడిచేయి చాచి నాజీల నమస్కారము చేసెను. ఆ ఛాయాపటము నేటికిని నిలిచియున్నది. దానిని జూచి ఆమెను నిందించినవారు కలరు. తనవారి ప్రాణములకై చేసినదని సమర్థించినవారును కలరు.

మేము ఆ పటమును పలుమాఱులు చూచితిమి. ఆ చేయి చూచి బాధపడకుండుట మాకు సాధ్యము కాలేదు. ఆ దేశమున వేలకొలది యిండ్లలో వెలివేయబడినవారు కంట తడిపెట్టుచుండగా, లోకమునకు అంతయు బాగున్నదని చెప్పుటకు ఆ చేయి యుపయోగపడినది. ఇది దాచరాని సత్యము. కాని ధైర్యమును కొలుచునప్పుడు, ఆ మనిషి నిలిచిన నేల యెట్టిదో గూడ చూడవలెను. జూడీ గిన్నెసు స్వర్ణమును వదలుకొని నిజము పలికినది, అది మెచ్చదగినదే. అయినను ఆమె ఓడిపోయి యింటికి పోయిన, ఆ యిల్లు ఆమెదిగానే యుండెను. ఆమె తండ్రి యెవరని యెవ్వరు నడుగలేదు; తల్లిని యెవ్వరు నేమియు చేయరు. హెలేన కట్టి నిలుకడ లేదు. నిలువనీడ యున్నవారు చూపిన ధైర్యమును, నీడ తీసివేయబడినదానినుండి అంతే సులభముగా కోరుట న్యాయము కాదని మేము తలంతుము. ఆమె తప్పు ఆమెకు గలదు. కాని మొదటి తప్పు, పెద్ద తప్పు, అట్టి సంకటమున ఆమెను నిలిపినవారిది.

ఇది దూరదేశపు రాజకీయమని మనము పుట మడిచివేయ వీలులేదు. మన యిండ్లలో చూడుడు. పెండ్లిచూపులనాడు పిల్లచేత పాట పాడింతుము, వీణ వాయింపింతుము. పెండ్లి యైన యేడాదికి ఆ వీణ అటకెక్కును. చదివిన కోడలు బ్యాంకు కాగితములు నింపుటకు కావలెను, మామగారి యుత్తరములు వ్రాయుటకు కావలెను. పొలము అమ్ముమాట వచ్చునప్పటికి "నీకేల యీ సంగతులు, లోనికి పొమ్ము" అనువా రుందురు. భర్తను గోల్పోయి పుట్టింట జేరిన యాడుబిడ్డ చేతివంట పండుగకు కావలెను; పీటలపై కూర్చుండబెట్టుటకు మాత్రము ఆమె పనికిరాదు. నేర్పు కావలెను, మనిషి వలదు. హెలేనకు జరిగినదియు నిదియే.

క్రీడలు ముగిసిన పిమ్మట ఆమె జర్మనీలో నిలువక అమెరికాకు తిరిగివచ్చెను. 1937లో ప్యారిసులో జరిగిన ప్రపంచపు పోటీలలో మరల ప్రథమస్థానము గెలిచెను. అమెరికాలో 1934 మొదలు 1946 వఱకు మొత్తము ఎనిమిదిమాఱులు స్త్రీలలో ప్రథమురాలయ్యెను. తరువాత ఆ దేశపు పౌరురాలయ్యెను, బోధించుచు జీవించెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1952లో జర్మనీకి మరలిపోయి, ఎర్విన్ ఫాల్క్‌నర్ ఫాన్ సొన్నెన్‌బర్గ్ అను ఇంజనీరును వివాహమాడెను. కాపురము ఏడాదిన్నరయైన నిలువలేదు. రొమ్ము పుట్టకురుపు సోకి, 1953 అక్టోబరులో, 43 ఏండ్లు నిండకయే కన్నుమూసెను.

1968లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వమువారు ఒలింపిక్ క్రీడల సందర్భమున తపాలా బిళ్ళలు వెలువరించిరి. అందొకటి హెలేనది. ఆ వరుసలోనే మఱియొక బిళ్ళపై కార్ల్ డీమ్ బొమ్మ గలదు. బెర్లిను క్రీడలకు ప్రధానకార్యదర్శిగా నుండి వానిని నడపినవా డతడే. పిలువబడినదియు, పిలిచినవారి క్రీడలను నడపినవాడును ఒకే వరుసలో అచ్చయిరి. పుట్టినిల్లు ఆమె కూతురని యొప్పుకొనుటకు ఆమె పోయిన పిమ్మట పదునైదేండ్లు పట్టెను.

సోదరీమణులారా, మీ పిల్లల కీ కథ చెప్పునప్పుడు పతకములు చెప్పి, చాచిన చేతిని దాచకుడు. చాచిన చేయి చెప్పి, పేరు కొట్టివేసిన సంఘమును దాచకుడు. మఱియు ఈ పండుగకు మీ యింటనుండి కూతునకో, ఆడుబిడ్డకో, వేఱుపడిన కోడలికో కబురు పంపునప్పుడు, ఆ పిలుపు ఆమెకొఱకా, చూడవచ్చు నలుగురికొఱకా యని యొక్కమాఱు మిమ్ము మీరే యడిగికొనుడు. ఆమెకొఱకే యైనచో, ఆమె వచ్చిన నాడు కూర్చుండ పీటయు, చెప్పదలచిన మాట వినుటకు తీరికయు సిద్ధముగా నుంచుడు.